అట్ట వెనక పడిన పాచిక

“ఇందులో ఇరవై లేదు,” అంది గడుగ్గాయి రెండోసారి.

మొదటిసారి అన్నప్పుడు ఎవరూ చెవిన పెట్టలేదు. పన్నెండేళ్ళ పిల్ల, పొద్దుటి నుంచి వీలు దొరికినప్పుడల్లా సన్నకుంచె పట్టుకుని ఆ నీలం పాచిక మీద వెలిసిపోయిన అంకెలకు తెల్లరంగు దిద్దుతోంది. ఎక్కడో లెక్క తప్పి ఉంటుందిలే అనుకున్నారు. రెండోసారికి మాత్రం తమ్ముడి చేతిలోని టీ కప్పు సాసర్లోకి కాస్త గట్టిగా దిగింది. ఆ చప్పుడుకు అక్క తలెత్తింది.

“సరిగ్గా చూడవే,” అన్నాడు తమ్ముడు కూతురితో. “ఇరవై ముఖాల పాచికలో ఇరవై లేకుండా ఎలా ఉంటుంది?”

“అదే నేనూ అంటున్నా నాన్నా. ఒకటికి సరిగ్గా వెనకవైపు ఇరవై ఉండాలి. మిగతా పాచికలన్నిటికీ అలాగే ఉంది. దీనికి అక్కడ పది ఉంది. పది ఉండాల్సిన చోటా పదే ఉంది. రెండు పదులు. తయారుచేసినవాళ్ళే తప్పు అచ్చు కొట్టారు.” కుంచె చెవి వెనక పెట్టుకుంది. “మూడుసార్లు లెక్కపెట్టాను. కావాలంటే నువ్వే చూడు.”

అతను చెయ్యి చాపలేదు. అక్క చాపింది.

ఆదివారం కాబట్టి బైండింగ్ షాపు ముందు తలుపు మూసేసి ఉంది. పుస్తకాల అట్టలు కోసే పెద్ద బల్ల మీదే ఆట. బల్ల నిండా ఎండిపోయిన జిగురు మరకలు. వాటి మీద గడుగ్గాయి పరిచిన పటం, పటంలో లోయ, లోయ మీద తాళ్ళ వంతెన, వంతెన మీద మూడు బొత్తాలు. నల్ల బొత్తాం తమ్ముడి యోధుడు. ఇత్తడి బొత్తాం అక్కాతమ్ముళ్ళ నాన్న, పెద్దాయన నడిపే ముసలి దొంగ. ఎర్ర బొత్తాం అక్క పాత్ర, తెలియని అడవుల్లో తిరిగి దారులు గీసే అమ్మాయి. కథ నడిపేది గడుగ్గాయి. వంతెనకు అవతల రాక్షసుడొకడు కాపలా ఉన్నాడు. టీకి లేచే ముందే పెద్దాయన ఆ రాక్షసుణ్ణి, “ఈ వంతెన నీదే అనడానికి నీ దగ్గర కాగితం ఏమైనా ఉందా నాయనా?” అని అడిగాడు. అందరూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది. పావుగంట కూడా కాలేదు.

అక్క పాచికను వేళ్ళ మధ్య తిప్పింది. తడి రంగు బొటనవేలికి అంటుకుంది. ఒకటి కనబడింది. దాన్ని కిందికి తిప్పింది. పైన పది.

మళ్ళీ తిప్పింది. పదకొండు వెనక కూడా పదే.

ఈ ఇంట్లోకి ఆట వచ్చిన తీరే వింత. అక్క చిన్నప్పుడెప్పుడో ఎవరో ఒకాయన కుట్లూడిపోయిన పుస్తకం ఒకటి బైండింగుకి ఇచ్చి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఏడాది ఎదురుచూసి పెద్దాయన ఆ పుస్తకాన్ని తనే చదివాడు. రాక్షసులు, గుహలు, మంత్రాలు, రకరకాల పాచికలు. చదివి పిల్లలిద్దరికీ నేర్పాడు. కథ నడిపేవాళ్ళ ముందు నిలబెట్టడానికి మూడు మడతల అట్ట ఒకటి చేసి, దానికి మెరూన్ రంగు గుడ్డ అంటించాడు. చేసిన రోజునే చట్టం కూడా చెప్పాడు: అట్ట వెనక పడిన పాచికను ఎవరూ తొంగి చూడకూడదు. చెప్పినవాళ్ళ మాటే మాట.

ఆ చట్టం ఆటలో ఉండిపోయినా బాగుండేది. ఇంట్లోకీ వచ్చింది. కిటికీ పక్క మంచం ఎవరిది, అంట్లు ఎవరు తోమాలి, అన్నిటికీ పాచికే. పెద్ద విషయమైతే ఎవరూ వాడని కొత్త పాచిక కొనుక్కొచ్చేవారు, పాతవాటికి అలవాట్లు ఉంటాయని. ఒక్కొక్కరూ అట్ట వెనక్కి వెళ్ళి వేసి, పడిన అంకె బయటికి చెప్పాలి.

ఈ నీలం పాచిక అలా వచ్చిందే. ఇరవై ఏళ్ళ కిందట, పటాలు గీయడం నేర్పే కాలేజీలో అక్కకీ తమ్ముడికీ ఒకే ఏడాది సీటు వచ్చింది. అక్కకి నాలుగో ర్యాంకు, తమ్ముడికి అరవయ్యొకటి. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. పెద్దాయన కుడిచేతి వేళ్ళు రెండు కటింగ్ మిషన్లో తెగిపోయి, కట్టు విప్పి నెల కూడా కాలేదు. ఒకళ్ళు వెళ్ళాలి, ఒకళ్ళు షాపులో ఉండిపోవాలి. కొత్త పాచిక వచ్చింది. అక్క అట్ట వెనక్కి వెళ్ళి వేసింది. పంతొమ్మిది. ఇక తనదే అనుకుంది. బయటికొచ్చి చెప్పింది. తర్వాత తమ్ముడు వెళ్ళాడు.

“ఇరవై,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే అక్క షాపు ఏప్రన్ కట్టుకుంది. ఒక్క మాట అనలేదు. పైపెచ్చు వాడు కాలేజీకి పట్టుకెళ్ళడానికి తన చేత్తో నోటుపుస్తకం కుట్టి ఇచ్చింది, మూల మూలకీ తోలు ముక్క వేసి మరీ. ఆటపెట్టె మాత్రం మళ్ళీ తెరవలేదు. వాడూ నాన్నా ఎన్నిసార్లు పిలిచినా, పని ఉందంది.

మూడు ఆదివారాల కిందట గడుగ్గాయి అటక మీద ఆ పెట్టె కనిపెట్టి, “అత్తా, ఒక్కసారి,” అని కొంగు పట్టుకుంటే కాదనలేక కూర్చుంది. కూర్చున్నాక అబద్ధమెందుకు, ప్రాణం లేచొచ్చింది. పాత ఎర్ర బొత్తాం అలాగే ఉంది.

సరిగ్గా ఆ వారమే ఉత్తరం వచ్చింది. పాత పటాలు దాచే గ్రంథాలయం వాళ్ళు రాశారు. చిరిగిన పటాలు బాగుచేసే పనిలో ఏడాదిపాటు ఉండమని, పని చేస్తూనే పటాల విద్యంతా నేర్పిస్తామని. జవాబు రేపు సాయంత్రానికల్లా అందాలి. ఆ ఏడాది షాపు ఎవరు చూస్తారన్న దగ్గర పేచీ వచ్చింది. సర్వే ఆఫీసు ఉద్యోగానికి సెలవు పెట్టడం కష్టమన్నాడు తమ్ముడు. చివరికి పెద్దాయన తీర్పు చెప్పాడు: వచ్చే ఆదివారం ఆట అయ్యాక పాచిక వేద్దాం. పాచికలమ్మే కొట్టు ఎప్పుడో మూతపడింది. నీలంది జీవితంలో రెండేసార్లు పడింది కాబట్టి అదే కొత్తదానికింద లెక్క. అక్క నెగ్గితే వెళ్తుంది. తమ్ముడు నెగ్గితే అక్క ‘రాలేను’ అని రాస్తుంది.

నలభై ఒక్కేళ్ళ మనిషి, షాపంతా ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి, ఆ తీర్పుకి తలూపింది చూశారా, అక్కడే ఒళ్ళు మండుతుంది. అలవాటు అంత చెడ్డది.

“ఒరే,” అంది అక్క.

తమ్ముడు టీ వైపు చూస్తున్నాడు.

“ఆ రోజు నీకు ఎంత పడింది?”

“ఎప్పుడు?”

“ఎప్పుడని అడుగుతున్నావా?”

“ఇరవై ఏళ్ళ కిందటి మాటక్కా. ఎవరికి గుర్తుంటుంది?” నీళ్ళు నమిలాడు. “పది పడిందేమో. అప్పుడు ఆ హడావుడిలో పదిని ఇరవై అనుకున్నానేమో.”

“పది పడినా పంతొమ్మిది కంటే తక్కువే కదరా.”

గడుగ్గాయి ఒకసారి తండ్రి ముఖం, ఒకసారి అత్త ముఖం చూసింది. పిల్ల గడుసుది, అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“నాన్నా, నువ్వు దొంగాట ఆడావా?”

“నువ్వు లోపలికెళ్ళు.”

“కిందటి ఆదివారం నా రాక్షసుణ్ణి ఒక్క గడి ఎక్కువ జరిపానని నువ్వు నన్ను ఎన్ని మాటలన్నావు? ఆటలో మోసం చేసినవాళ్ళు ఎక్కడైనా చేస్తారన్నావు. నాకు ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు.”

“వెళ్ళమన్నానా?”

“అది ఎక్కడికీ వెళ్ళదు,” అంది అక్క. “కథ నడిపేది అది. బల్ల దగ్గరే ఉంటుంది. నువ్వు చెప్పు.”

పెద్దాయన కుడిచేతికి మిగిలిన మూడు వేళ్ళతో ఇత్తడి బొత్తాన్ని గుండ్రంగా తిప్పుతున్నాడు. “పాత విషయాలు ఇప్పుడెందుకు తల్లీ,” అన్నాడు మెల్లగా. “ఆట పాడవుతుంది.”

“ఆట పాడవుతుందా?” అక్క గొంతు పెరగలేదు. ఆమెకి కోపం వస్తే గొంతు తగ్గుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. “నా ఇరవై ఏళ్ళు పాడయ్యాయి నాన్నా. వీడు సర్వే ఆఫీసులో కూర్చుని పటాలు గీస్తుంటే, ఆ ఆఫీసు పాత రిజిస్టర్లకి ఇక్కడ నేను అట్టలు వేస్తున్నాను. వీడు గీసిన పటాలు చిరిగిపోతే అంటించేది నేను. ఒక్కోసారి నది ఒక చోట, వంతెన ఇంకో చోట పెడతాడు. అంటిస్తూ అది కూడా పెన్సిలుతో సరిదిద్ది పంపుతాను. ఎప్పుడైనా చూశావురా నువ్వు?”

తమ్ముడి ముఖం ఎర్రబడింది. “అవి నువ్వా దిద్దేది?”

“మరి నదులు వాటంతటవే జరిగాయనుకున్నావా?”

గడుగ్గాయికి నవ్వొచ్చింది కానీ మింగేసింది.

“మూడు,” అన్నాడు తమ్ముడు.

“ఏంటి?”

“నాకు మూడు పడింది.” ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు. “పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి అక్కా. అప్పుడు నాకు బుద్ధి లేదు. తర్వాత చెబుదామని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆ నోటుపుస్తకం ఇచ్చావు చూడు, అప్పుడైతే నోటిదాకా వచ్చింది.”

“వచ్చి ఆగిపోయింది.”

“ఆగిపోయింది.”

“ఇరవై ఏళ్ళు ఆగింది. పెళ్ళైంది, ఈ పిల్ల పుట్టింది, ఉద్యోగంలో రెండుసార్లు పైకెళ్ళావు, అయినా ఆగే ఉంది. మొన్న ఆదివారం నాన్న మళ్ళీ ఇదే పాచిక తీయమంటే కూడా నీ నోరు పెగలలేదు. ఇవాళ కూడా నువ్వు అట్ట వెనక్కి వెళ్ళేవాడివే. వెళ్ళి ఏం చెప్పేవాడివిరా?”

“ఈసారి అలా చేసేవాణ్ణి కాదు.”

“అది నాకెలా తెలియాలి?”

తమ్ముడి కళ్ళు అక్క మీద నుంచి జారి పెద్దాయన మీదికి వెళ్ళాయి.

“అంతా నా నెత్తినే రుద్దుతున్నావు,” అన్నాడు. “నేనొక్కణ్ణే కాదు అక్కడ.”

ఇత్తడి బొత్తాం తిరగడం ఆగింది.

“నేను అట్ట వెనక కూర్చునేసరికి నాన్న కిటికీ రెక్క మూయడానికి వచ్చి నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. పాచిక పడింది. ఇద్దరం చూశాం. నేను మూడు అనే చెప్పబోయాను, ఒట్టు. నాన్న నా భుజం మీద చెయ్యేశాడు. వేసి, నొక్కాడు.”

“నొక్కితే?”

“నోట్లోంచి ఇరవై అని వచ్చేసింది. ఇప్పుడు చెవి మెలిపెట్టి నిజం చెప్పిస్తాడనుకున్నాను. చెప్పినవాళ్ళ మాటే మాట, అన్నాడు. పాచిక తీసి జేబులో వేసుకున్నాడు.”

నొక్కుడు చట్రంలో శనివారం పెట్టిన పుస్తకాలు అలాగే ఉన్నాయి. అక్క తండ్రి వైపు తిరిగింది. వాడు చేశాడంటే కుర్రతనం అనుకోవచ్చు. కానీ ఈయన, ఒక పేజీ తలకిందులుగా కుట్టినందుకు పుస్తకమంతా విప్పించిన మనిషి, నిజాయితీ గురించి ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పే మనిషి.

“నాన్నా.”

“వాడి చేతికి పని రాదమ్మా,” అన్నాడు పెద్దాయన, బల్లను చూస్తూ. “దబ్బనం పట్టుకుంటే పుస్తకానికంటే వేలికే ఎక్కువ కన్నాలు పడేవి. నువ్వు వెళ్ళిపోయి వాడు ఉండిపోతే ఆరు నెలల్లో షాపు మూతపడేది. నా చెయ్యి చూశావుగా అప్పుడు. నీ చెయ్యి అలాంటిది కాదు. నా పాతికేళ్ళ పని నీకు రెండేళ్ళలో వచ్చేసింది.”

“నా చెయ్యి మంచిదని నా చెయ్యే కట్టేశావా?”

“భుజం మీద చెయ్యేశాను, అంతే. అబద్ధం ఆడమని నేను చెప్పలేదు.”

“చూశావా, ఇప్పుడు కూడా,” అన్నాడు తమ్ముడు.

“నువ్వు మాట్లాడకు,” అంది అక్క. తండ్రి మీద నుంచి చూపు తిప్పలేదు. “నన్ను అడిగి ఉండొచ్చుగా?”

“అడిగితే ఉండిపోయేదానివి.”

“ఉండిపోయేదాన్నే. అదే నాన్నా నేను అడుగుతున్నది. ‘నువ్వు లేకపోతే నాకు కాదమ్మా’ అని ఒక్క మాట అని ఉంటే ఉండిపోయేదాన్ని. సంతోషంగా ఉండేదాన్ని. ఇరవై ఏళ్ళుగా నా అదృష్టం బాగాలేదని అనుకుంటూ బతికాను. ఏ పని మొదలుపెట్టబోయినా, నాకెందుకులే, నాకు కలిసిరాదులే అనుకున్నాను. నా అదృష్టం పంతొమ్మిది వేసింది నాన్నా. నాకు కలిసొచ్చింది. మీరిద్దరూ కలిసి రాకుండా చేశారు.”

ఆ మాట అన్నాక ఆమెకి ఏడుపు వస్తుందేమోనని గడుగ్గాయి భయపడింది. రాలేదు. అక్క ముఖంలో ఏడుపుకి చోటు లేదు, అంతా మంటే.

పెద్దాయన ఇత్తడి బొత్తాన్ని పక్కన పెట్టాడు. “సరే. తప్పే. ఇప్పుడు సరిగ్గా వేద్దాం. గడుగ్గాయి దగ్గర మంచి పాచికలున్నాయి. అట్ట అక్కర్లేదు, బల్ల మీదే అందరి ముందూ వెయ్యండి.”

వినండి మరి. ఇల్లు కాలిపోయిందంటే పొయ్యి మళ్ళీ వెలిగిద్దాం అన్నట్టుంది. అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“వెయ్యను,” అంది.

“మరి ఎలా తేలుతుంది?”

“తేలిపోయింది. ఇరవై ఏళ్ళ కిందటే తేలింది. పంతొమ్మిదీ, మూడు.” నడుముకి దోపుకున్న తాళాల గుత్తి తీసి పటం మధ్యలో, సరిగ్గా లోయలో పెట్టింది. “రేపు తొమ్మిదింటికి తలుపు తియ్యాలి. నొక్కుడు చట్రంలో పద్నాలుగు పుస్తకాలున్నాయి, పదింటికల్లా తియ్యకపోతే జిగురు పట్టేసి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పెద్ద కత్తికి నూనె పెట్టాలి. వేళ్ళు జాగ్రత్తరా.”

“అక్కా, ఆఫీసులో సెలవు అడగాలి. ఇంత హఠాత్తుగా అంటే ఎలా?”

“నాకూ హఠాత్తుగానే తెలిసింది.”

“అత్తా,” అంది గడుగ్గాయి సన్నగా. “నీ బొత్తాం వంతెన మీదే ఉంది.”

అక్క ఆ పిల్ల తల నిమిరింది. తడి రంగు జుట్టుకి అంటుకుంది. “నీ తప్పేం లేదే. ఈ ఇంట్లో లెక్కపెట్టి చూసినదానివి నువ్వొక్కదానివే. అక్కడే ఉంచు, వస్తాను. ముందు నేనొక ఉత్తరం రాసుకోవాలి. రేపు పొద్దున్నే వెళ్ళి నా చేత్తో ఇచ్చి వస్తాను.”

మేడమెట్ల వైపు రెండడుగులు వేసింది.

“ఉత్తరం రాయక్కర్లేదు,” అన్నాడు పెద్దాయన.

అక్క వెనక్కి తిరిగింది.

“శుక్రవారమే రాశాను. నీ పేరుతోనే. పోస్టులో కూడా వేసేశాను. ఈపాటికి వాళ్ళకి అంది ఉంటుంది.”

తమ్ముడు కుర్చీలోంచి సగం లేచాడు. ఈ సంగతి అతనికీ తెలియదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది. “పాచిక వేద్దామన్నది నువ్వే కదా నాన్నా. మరి శుక్రవారం రాయడం ఏంటి?”

“నా పేరుతో రాశావు,” అంది అక్క. “నా సంతకం పెట్టావు. ఏమని రాశావు?”

బల్ల చివర గడుగ్గాయి ముందు మూడు మడతల మెరూన్ అట్ట నిలబడి ఉంది. పెద్దాయన చెయ్యి చాపి దాన్ని తన ముందుకు లాక్కున్నాడు. మడతలు సరిచేసి నిలబెట్టాడు. ఆయన ముఖం సగం దాని వెనక్కి వెళ్ళిపోయింది. తల నెరిసింది, అయినా అట్ట మాత్రం నిటారుగా నిలబెట్టాడు.

“ఏమని రాశావో అడిగాను నాన్నా.”

“చెబుతాను,” అన్నాడు అట్ట వెనక నుంచి. “చెప్పింది నమ్మాలి.”

తమ్ముడు నిలబడిపోయాడు. అక్క బల్ల చుట్టూ తిరిగి వచ్చి తండ్రికి ఎదురుగా నిలబడింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆ ఇంట్లో ఎవరూ చెయ్యని పని చేసింది. ఆ అట్ట పై అంచు పట్టుకుని, మెల్లగా బల్ల మీదికి వాల్చేసింది.

“ఇప్పుడు చెప్పు,” అంది. “చూస్తున్నాను.”